కుర్చీలో ఎవరు, చాప మీద ఎవరు

చిక్కడపల్లిలో మా ఇంటి నుంచి అశోక్ నగర్‌లో నేను పాఠం చెప్పే గదికి నడిచి వెళ్తే పావుగంట. ఆ సోమవారం అదే దారి నాకు దాదాపు గంట పట్టింది. రెండుసార్లు వెనక్కి తిరిగాను. ఒకసారి కళ్ళజోడు మరిచిపోయాననుకున్నాను, అది ముక్కు మీదే ఉంది. రెండోసారి ఎందుకు తిరిగానో నాకే తెలియదు. పుస్తకాల దుకాణాల ముందు పిల్లలు పాత ప్రశ్నపత్రాల బేరం చేస్తున్నారు. నన్ను చూసి ఒకరిద్దరు నమస్తే సార్ అన్నారు. నేను జవాబిచ్చానో లేదో గుర్తులేదు.

ఆ రోజు ఒక అమ్మాయి నా కోసం ఒక కాగితం పట్టుకొని వస్తుంది. దాన్ని నేను ఇంగ్లిషులో సరిచేసి ఇవ్వాలి. మంగళవారం సాయంత్రం నాలుగింటిలోపు అది ఒక ప్రభుత్వ ఆఫీసు కిటికీలో అందాలి. అందాక వాళ్ళు ఒప్పుకుంటే ఆమెకు ఉద్యోగం దక్కే దారి మిగిలి ఉంటుంది. ఒప్పుకోకపోతే మూడేళ్ళ చదువు నీళ్ళలో పోసినట్టే.

నేను కోచింగ్ సెంటర్‌లో ఉత్తరాలు, వ్యాసాలు రాయడం నేర్పుతాను. నా దగ్గరకు వచ్చేవాళ్ళు ఎక్కువగా తెలుగు మీడియంలో చదివిన ఊళ్ళ పిల్లలు. తెలివికి లోటు లేదు. కానీ ఇంగ్లిషులో రాయమంటే వాక్యాలను ఇటుకల్లాగ పేరుస్తారు. సెలవు చీటీ అయితే ఇలా: నాకు జ్వరం వచ్చింది. నేను క్లాసుకు రాలేదు. నాకు సెలవు కావాలి. మూడూ ఒకే గొంతుతో అరుస్తాయి. ఏది ముఖ్యమో చదివేవాడే వెతుక్కోవాలి. అందుకని విడి మాటలను కలిపి ఒక వాక్యం చేయడం, అందులో దేని మీద బరువు పడాలో మనమే తేల్చడం నేర్పుతాను. ప్రధాన వాక్యం, ఉపవాక్యం అని మొదలుపెడితే వెనక బెంచీలు ఆవలిస్తాయి. అందుకే మా ప్రార్థన హాలు సంగతి చెబుతాను.

నారాయణగూడలో ఒక సందులో, మేడ మీద ఉంటుంది మా హాలు. ముప్పై ఏళ్ళుగా నా ఆదివారాలన్నీ అక్కడే. లేఖనాలు కంఠతా పట్టింది అక్కడే, మోకరించడం నేర్చింది అక్కడే. అందులో ఒకటే కుర్చీ. ఆ పూట బోధించేవారు అందులో కూర్చుంటారు. మిగతా అందరం, డాక్టరైనా మేస్త్రీ అయినా, చాపల మీదే.

"ఇంగ్లిషు వాక్యంలో కూడా ఒకటే కుర్చీ అనుకోండి" అంటాను పిల్లలతో. "అందులో ఎవరిని కూర్చోబెడితే చదివేవాడి చూపు వాళ్ళ మీదే. మిగతా సంగతులను 'ఆల్‌దో' అనో 'బికాజ్' అనో 'వెన్' అనో చెయ్యి పట్టుకొని తెచ్చి చాప మీద కూర్చోబెట్టండి. వాళ్ళూ ఇంట్లోనే ఉన్నారు. ఎవరినీ బయటికి గెంటలేదు."

"రెండు కుర్చీలు ఏస్తే ఏమైతది సార్?" అని ప్రతి బ్యాచిలో ఎవరో ఒకరు అడుగుతారు.

"మధ్యలో 'అండ్' పెట్టి వేసుకో. ఇద్దరు పెద్దమనుషులు ఒక్కసారే మాట్లాడితే ఎవరి మాట వింటావు?"

తర్వాత బోర్డు మీద రెండు వాక్యాలు రాస్తాను. మూడుసార్లు తప్పినా మళ్ళీ పరీక్ష రాస్తున్నాడు. ఇది పట్టుదల. మళ్ళీ పరీక్ష రాస్తున్నా మూడుసార్లు తప్పినవాడే. ఇది పెళ్ళిలో ఎదురుపడిన చుట్టం మాట. ఉన్న సంగతులు రెండే, అవే. కుర్చీ మారింది. క్లాసంతా నవ్వుతుంది, ఎందుకంటే ఆ చుట్టం అందరి ఇళ్ళలోనూ ఉన్నాడు.

అబద్ధం ఆడకుండా బరువు మార్చవచ్చునని నేను అంత ధైర్యంగా చెప్పేవాడిని. ఆ సోమవారం దాకా.

ఆ అమ్మాయిది మహబూబ్‌నగర్ జిల్లాలో ఒక పల్లె. తల్లీ తండ్రీ అంబర్‌పేట్‌లో ఒక బస్తీలో ఉండి స్లాబు పనులకు వెళ్తారు. ఒకటే గది కాబట్టి చదువుకోవడానికి చోటు లేక, ఈమె అశోక్ నగర్‌లో హాస్టల్‌లో ఉంటుంది. నా క్లాసుకు వచ్చింది, అక్కడ హాలు సంగతి విని ఒక ఆదివారం నారాయణగూడ వచ్చింది, ఇక మానలేదు. రెండేళ్ళయింది. ఒక ఉద్యోగానికి రాత పరీక్ష గట్టెక్కింది. సర్టిఫికెట్లు చూపించే రోజు ఎప్పుడో ఫోన్‌కు మెసేజ్ వస్తుందన్నారు. దాని కోసమే సంఘమంతా ఆమె తరఫున మూడు రోజుల ఉపవాస ప్రార్థన పెట్టుకుంది. బుధవారం పొద్దున నుంచి శుక్రవారం సాయంత్రం దాకా.

మా ఉపవాస ప్రార్థనకు ఒక పద్ధతి ఉంది. లోపలికి వచ్చేవాళ్ళు ఫోన్లు ఆపి, తలుపు దగ్గర వెదురు బుట్టలో వేయాలి. ఎవరిదేదో తెలియడానికి వెనక చిన్న ప్లాస్టర్ ముక్క అంటించి గుర్తు రాస్తాం. బుట్ట నిండాక పైన తెల్లగుడ్డ కప్పి ముడి వేస్తాం. మూడో రోజు సాయంత్రం దాకా ఆ ముడి విప్పం. ఆ పద్ధతి పెట్టింది నేనే. ముడి వేసేదీ నేనే.

బుధవారం పొద్దున ఆ అమ్మాయి బుట్ట ముందు ఆగింది. వెనక వరుస కట్టి ఉన్నారు.

"సార్, నాది ఆపకుంట జర పక్కకు పెట్టుకోనా? మెసేజ్ వస్తదేమో" అంది.

నేను నవ్వాను. "పైనుంచి వచ్చే మెసేజ్ కంటే పెద్దదా తల్లీ?" అన్నాను. వరుసలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. ఆమె ఫోన్ ఆపి బుట్టలో పెట్టింది.

మెసేజ్ ఆ మధ్యాహ్నమే వచ్చింది. శుక్రవారం పది గంటలకు ఒరిజినల్ సర్టిఫికెట్లతో హాజరు కావాలని. శుక్రవారం పది గంటలకు మేమంతా మోకాళ్ళ మీద ఉండి, ఆ మెసేజ్ త్వరగా రావాలని ప్రార్థిస్తున్నాం. ఫోన్ మాకు నాలుగు గజాల దూరంలో, గుడ్డ కింద ఉంది.

సాయంత్రం ముడి విప్పాక ఆమె గోడ వైపు తిరిగి మెసేజ్ చదివింది. ఏడవలేదు. చెప్పులు వేసుకొని మెట్లు దిగింది. శనివారం పొద్దున్నే ఆ ఆఫీసుకు వెళ్ళింది. కిటికీలో ఉన్న గుమాస్తా, పోయినరోజు పోయినట్టేనని, అయినా ఎందుకు రాలేదో ఇంగ్లిషులో ఒక పేజీ రాసిస్తే పై అధికారి చూస్తాడని, ఆయనకు తెలుగు రాదని చెప్పాడట.

సోమవారం క్లాసు అయ్యాక ఆమె తెచ్చిన కాగితం చదివాను. అందులో ఇలా ఉంది: నేను తప్పు చేశాను. నేను దోషిని. నేను శుక్రవారం రాలేదు. నా ఫోన్ ఆపి ఉంది. నేను ప్రార్థనలో ఉన్నాను. నన్ను క్షమించండి. ఇటుక మీద ఇటుక.

ఆ రాతను చూడగానే గుర్తుపట్టాను. మా హాలులో సాక్ష్యం చెప్పే తీరు అది. లేచి నిలబడి మొదట నీ తప్పు చెప్పాలి. అక్కడ వినేవాడు ముందే క్షమించి కూర్చున్నాడు కాబట్టి ఆ తీరు చెల్లుతుంది. ఆఫీసులో కూర్చున్నవాడు అలాంటివాడు కాదు. దోషి అని మొదటి వరుసలో చదివాక రెండో వరుస చదవడు.

"నువ్వు శనివారం పొద్దున్నే వెళ్ళావు కదా. సర్టిఫికెట్లన్నీ పట్టుకొని వెళ్ళావా?"

"అన్ని పట్కపోయిన సార్. ఎనిమిదిన్నరకే పోయిన. గేటు గూడ తియ్యలే."

"దాన్ని కుర్చీలో కూర్చోబెడదాం."

ఇద్దరం కలిసి రాశాం. ఉపవాస ప్రార్థన కారణంగా మూడు రోజులు ఫోన్ ఆపి ఉన్నందువల్ల మెసేజ్ ఆలస్యంగా చూసినప్పటికీ, చూసిన మరుసటి ఉదయమే అన్ని ఒరిజినల్ సర్టిఫికెట్లతో మీ ఆఫీసుకు హాజరయ్యాను. ఇంగ్లిషులో అది ఇంకా బాగా కుదిరింది. ముందు 'ఆల్‌దో', దాని లోపల 'బికాజ్', చివరకు 'నేను హాజరయ్యాను' వచ్చి నిలబడింది. బరువంతా దాని మీద.

ఆమె దాన్ని రెండుసార్లు చదివింది. "తప్పు చాప మీద కూసుంది గద సార్. దాసినట్టు కాదా?"

"దాచలేదమ్మా. చూడు, ఇంట్లోనే ఉంది."

నా జవాబు నాకే నచ్చింది. చిక్కడపల్లిలో నెట్ సెంటర్‌కు వెళ్ళి టైపు చేయించాను. ఒక మాట ముందుకు, ఒక మాట వెనక్కు జరిపి మూడుసార్లు మార్పించాను. టైపు చేసే ఆయనకు విసుగొచ్చింది. "కామా కోసం ఇంత పరేషాన్ అయ్యేటోన్ని మిమ్ముల్నే చూస్తున్న సార్" అన్నాడు.

ఇంటికొచ్చి కాగితం మా ఆవిడకు చూపించాను. ఆమె ఒక స్కూలు ఆఫీసులో పాతికేళ్ళు పనిచేసి రిటైరైంది. అర్జీలు చదవడంలో ఆమెను మించినవాళ్ళు లేరు. కూర కోస్తున్న చేతులు తుడుచుకొని నిలబడే చదివింది.

"మంచిగుంది. 'ఫోను ఆపి ఉండె' అని రాసిన్రు. దానంతటదే ఆగిందా?"

"ప్రార్థన కారణంగా అని రాశాను కదా."

"ప్రార్థన ఆపిందా? బుట్టకు గుడ్డ కట్టిందెవరు?"

కాగితం ఆమె చేతిలోంచి తీసుకొని, "నువ్వు అప్పుడు హాలు వెనక గదిలో ముసలివాళ్ళకు గంజి కాస్తున్నావు. నీకెట్లా తెలుసు?" అన్నాను.

"మీ నవ్వు పొయ్యి కాడిదాక వినొచ్చింది" అని ఆమె మళ్ళీ కత్తిపీట ముందు కూర్చుంది.

ఆ కాగితాన్ని మళ్ళీ చదివాను. ఆ అమ్మాయి హాజరు కుర్చీలో ఉంది. ఫోన్ చాప మీద ఉంది. ప్రార్థన చాప మీద ఉంది. ఆలస్యం కూడా ఉంది. నేను మాత్రం కుర్చీలో లేను, చాప మీద లేను, గడప దగ్గర కూడా లేను. ఎవరినీ బయటికి గెంటలేదని ఇన్నేళ్ళు చెప్పినవాడిని, నన్ను నేను చడీచప్పుడు లేకుండా బయటికి పంపుకున్నాను. నేను రాస్తున్నది ఆమె కాగితం కాబట్టి నేను అందులో ఉండనక్కరలేదని ఒక మాట మనసులో లేచింది. ఆ మాట తప్పు కాదు. కానీ పొద్దున దారిలో రెండుసార్లు వెనక్కి తిరిగింది ఎందుకో అప్పుడు తెలిసింది.

ప్రార్థనకు కూర్చున్నాను. ప్రభువా, ఆ బిడ్డకు మెసేజ్ ఆలస్యంగా అందినప్పటికీ, అని మొదలైంది నా నోట. అక్కడే ఆగిపోయాను. ప్రార్థన కూడా టైపు చేయించిన కాగితంలాగే వస్తోంది. లేచి ముందు గదిలోకి వెళ్ళాను, మళ్ళీ లోపలికి వచ్చాను, కిటికీ తీశాను, వేశాను. "కూసోండి జర. నాకు కండ్లు తిరుగుతున్నయి" అంది మా ఆవిడ.

మంగళవారం నెట్ సెంటర్ తెరవకముందే షట్టర్ దగ్గర నిలబడ్డాను. ఆయన బండి ఆపుతూనే, "మళ్ల మార్చిన్రా?" అన్నాడు.

"అది అట్లే ఉంచు. ఇది వేరే కాగితం."

నా పేరు మీద ఒక ఉత్తరం. మా సంఘంలో ఉపవాస ప్రార్థన నడిపించేది నేను. ఫోన్ దగ్గర ఉంచుకోవడానికి ఆమె అనుమతి అడిగినప్పుడు, మెసేజ్ కోసమని చెప్పినప్పటికీ, నేను ఇవ్వలేదు. కుర్చీలో ఈసారి నేనే. టైపు చేస్తూ ఆయన వెనక్కి తిరిగి చూశాడు. "తప్పు గింత ముందుకు తెస్తరా సార్ ఎవరన్న? దండుగ." డబ్బులిచ్చి కాగితం తీసుకున్నాను.

ఆ అమ్మాయిని అశోక్ నగర్‌లో చాయ్ బండి దగ్గర కలిశాను. నా ఉత్తరం చదివి మడిచి తిరిగి ఇచ్చింది.

"ఇదెందుకు సార్? దీంతో నాకేమన్న నష్టమైతదేమో."

నాకు ఆ ఆలోచనే రాలేదు. ఒకరి తప్పు ఒప్పుకోవడం ఇంకొకరికి బరువు కావచ్చునని. "నీకు వద్దనిపిస్తే ఇవ్వను" అన్నాను.

ఆమె చాయ్ గ్లాసు అటూ ఇటూ తిప్పింది. దాని వైపే చూస్తూ అంది: "మీరు నవ్విన్రు సార్. మీరు నవ్వితె అందరు నవ్విన్రు. గప్పుడు నేను గూడ నవ్విన. నాకు అదే ఎక్కువ కోపం."

నా గ్లాసు బండి మీద పెట్టేశాను. ఆమె తనది ఒక్క గుక్కలో తాగి, "పోదాం పాండ్రి. ఇస్తె ఇయ్యండి. అబద్ధమైతె కాదు గద" అంది.

ఆఫీసులో కిటికీ దగ్గర గుమాస్తా ఆమె కాగితం తీసుకొని ముద్ర కొట్టాడు. నాది తీసి, కళ్ళకు దూరంగా పట్టుకొని చదివాడు.

"మీరెవరు సార్?"

"ఫోన్ ఆపించినవాణ్ణి."

"క్యాండిడేట్ కాయితమే ఫైల్ల పెడ్తం. మీ తప్పుకు మా దగ్గర ఫైలు లేదు సార్" అని తిరిగి ఇచ్చేశాడు. ఆమెతో మాత్రం, "పై సారు ఒప్పుకుంటె మెసేజ్ వస్తదమ్మా. ఫోను ఆపకు మల్ల" అన్నాడు. పక్క కిటికీలో ఒకాయన నవ్వాడు. ఈసారి ఆమె నవ్వలేదు. నేనూ నవ్వలేదు.

ఉత్తరం నా జేబులో ఉండిపోయింది. బుధవారం, గురువారం, శుక్రవారం. క్లాసులో ఆమె బల్ల మీద ఫోన్ బోర్లా కాకుండా, తెర పైకి ఉండేలా పెట్టుకునేది. నేను పాఠం చెబుతూ ఆ తెర వైపే చూసేవాణ్ణి. ఒకసారి అది వెలిగితే చెప్పే మాట మధ్యలో ఆపేశాను. రీచార్జి మెసేజ్. కూర్చున్నప్పుడల్లా జేబులో ఆ ఉత్తరం గుచ్చుకునేది. దాన్ని ఎవరికివ్వాలో నాకు తెలుసు. తెలిసీ మూడు రోజులు తిరిగాను.

ఆదివారం హాలులో ప్రకటనలు చదవడం నా పని. కుర్చీలో కూర్చొని కాదు, పక్కన నిలబడి. ముందురోజు ఒక వాక్యం రాసుకున్నాను. తెలుగులో తప్పించుకోవడం ఇంగ్లిషు కంటే తేలిక. ఫోన్లు బుట్టలో ఉంచగా, ఆ సమయంలో మెసేజ్ రాగా, దాన్ని చూడకపోవడం జరిగింది. జరిగింది! ఎవరూ ఏమీ చేయలేదు, అది జరిగింది, అంతే. గాలివానలాగ. ఉత్తరంలో అంత ధైర్యంగా రాసినవాణ్ణి, నా వాళ్ళ ముందుకు వచ్చేసరికి మళ్ళీ ఇల్లు దాటి బయట నిలబడ్డాను.

కాగితం మడిచేశాను. దేన్నీ దేనితోనూ కలపలేదు.

"ఫోన్ దగ్గర ఉంచుకోవచ్చా అని ఈ అమ్మాయి అడిగింది" అన్నాను. "నేను నవ్వాను."

ముషీరాబాద్ నుంచి వచ్చే ఒక ముసలమ్మ ముందు వరుసలో చాప మీద కూర్చొని ఉంది. కొంగుతో మూతి తుడుచుకొని, "నేను గూడ నవ్విన బిడ్డా. ఎందుకు నవ్విన్నో ఎర్కనే లేదు. అందరు నవ్వుతుంటె నవ్విన" అంది. వెనక ఎవరో "మేము గూడ" అన్నారు. ఆ అమ్మాయి తల వంచుకొని ఉంది. ఫోన్ ఒళ్ళో ఉంది. ఆపలేదు.

క్షమించానని ఆమె ఆ రోజు అనలేదు. నేను అడగలేదు.

మెసేజ్ ఆ తర్వాతి బుధవారం వచ్చింది. నేను బోర్డు వైపు తిరిగి ఉన్నాను. వెనక బెంచీ జరిగిన చప్పుడు, తలుపు చప్పుడు. తిరిగి చూస్తే ఆమె చోటు ఖాళీ. అడగకుండా వెళ్ళినందుకు పక్క పిల్ల భయంగా, "సార్, రేపు పదింటికి రమ్మన్నరంట. సర్టిఫికెట్ల కోసం హాస్టల్‌కు ఉరికింది" అంది. మర్నాడు సర్టిఫికెట్లన్నీ సరిపోయాయి. ఉద్యోగం ఉత్తరం ఇంకా రావాలి. అది ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేదు.

కిందటి నెల మళ్ళీ ఉపవాస ప్రార్థన పెట్టుకున్నాం. బుట్ట మానేద్దామా అన్నారు కొందరు. ఉంచుదామన్నాను. గుడ్డ మాత్రం వద్దు, ఫోన్లు ఆపనూ వద్దు. బుట్ట పక్కన ఒకరు కూర్చొని, మోగినప్పుడల్లా చూసి, అవసరమైతే వాళ్ళను లేపాలి. అది నా పని అన్నాను. పిల్లలు నా కోసం గోడ వారన ఒక చాప పరిచారు.

ఏకాగ్రత అనేది కుదరదు. ముప్పై ఏళ్ళుగా మౌనంలో ప్రార్థించడం అలవాటైనవాణ్ణి. ప్రతి మోతకూ నాకు చిరాకే, ఇప్పటికీ. కళ్ళు మూసుకుంటే ఏదో ఒకటి గుర్రుమంటుంది. బ్యాంకువాళ్ళు, కొరియర్ అబ్బాయి, గ్యాస్ సిలిండర్ వచ్చిందని ఎవరింటి నుంచో పిలుపు. ప్రభువా అంటాను, ఫోన్ మోగుతుంది, లేస్తాను. మళ్ళీ ప్రభువా అంటాను.

రెండో రోజు పొద్దున ప్లాస్టర్ మీద ఆ అమ్మాయి గుర్తు ఉన్న ఫోన్ మోగింది. తీశాను. అవతల సిమెంటు మిషన్ చప్పుడు, దాని మీదుగా ఒక ఆడమనిషి గొంతు.

"ఓ బిడ్డా, ఉత్తరం వచ్చిందా?"

"ఆమె ప్రార్థనలో ఉందమ్మా. నేను వాళ్ళ సార్‌ను. ఇంకా రాలేదు. ఆగు, పిలుస్తాను."

"ఒద్దు సార్, ఒద్దు. ఊకెనే చేసిన. ప్రార్థనల ఉంటె లేపకుండ్రి."

ఒక్క క్షణం నా చెయ్యి ఆగింది. తర్వాత లేచి, మోకరించి ఉన్నవాళ్ళ మధ్య నుంచి జాగ్రత్తగా అడుగులు వేసుకుంటూ వెళ్ళి, ఆమె భుజం తట్టాను.

"మీ అమ్మ" అన్నాను. "లైన్లో ఉంది."